ఓ చేత తాపీ... ఓ చేత ఫోను!

కోనసీమలో ఇప్పుడు ఒకే ఇంటిని రెండుచోట్ల కడుతున్నారు. ఒకటి కొబ్బరితోట పక్కన మెరక చేసిన స్థలంలో. రెండోది ఎక్కడో గల్ఫ్‌లోనో, హైదరాబాద్‌లోనో ఉన్న యజమాని అరచేతిలో! ఈ రెంటినీ కలుపుతున్నది పెద్ద పెద్ద కంపెనీలు కాదు, మోటారు సైకిల్ మీద తిరిగే చిన్న కాంట్రాక్టర్లు. వాళ్ళ చేతికి సాంకేతికత ఎలా వచ్చింది? ఏమిచ్చింది? ఏమివ్వలేకపోయింది?

శుక్రవారం. కువైట్‌లో సెలవు రోజు. అక్కడ పొద్దున్న ఏడున్నరయితే ఇక్కడ పది. రాజోలు దగ్గర ఓ పల్లెలో శ్లాబు వేయడానికి అంతా సిద్ధంగా ఉంది. సెంట్రింగ్ చెక్కల మీద రాడ్లు గళ్ళుగళ్ళుగా పరిచి ఉన్నాయి. మిల్లరు పక్కన సిమెంటు బస్తాలు, కంకర గుట్ట, తలగుడ్డలు చుట్టుకున్న కూలీలు. మేస్త్రి ఆ రాడ్ల మధ్య ఆచితూచి అడుగులేస్తున్నాడు. ఓ చేతిలో టేపు, ఇంకో చేతిలో ఫోను.

“ఇదిగోండి బాబుగారూ, రాడ్డుకీ రాడ్డుకీ మధ్య ఆరంగుళాలు. బాగా కనపడుతోందాండి?”

“కనపడుతోంది మేస్త్రిగారూ. ఆ మూల ఓసారి చూపించండి. కింద కవర్ బ్లాకులు పెట్టారా?”

“ఆయ్... పెట్టావండి!”

ఫోను మూలకు తిరిగింది. పెట్టలేదు!

అటు ఓ నవ్వు, ఇటు కాస్త మొహమాటం. అయిదు నిమిషాల్లో సిమెంటు బిళ్ళలు వచ్చాయి. రాడ్లు చెక్కను వదిలి పైకి లేచాయి. పదిన్నరకి మిల్లరు తిరిగింది.

ఈ మేస్త్రికీ, ఆ యజమానికీ పేర్లు లేవు. ఎందుకంటే ఇది ఊహించి రాసిన దృశ్యం. కానీ గల్ఫ్‌లో ఎవరో ఒకరున్న ఏ కోనసీమ కుటుంబాన్నడిగినా ‘ఇది మా ఇంటి సంగతే’ అంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. పాతికేళ్ళ కిందటైతే ఆ మూల సంగతి యజమానికి ఎప్పటికీ తెలిసేది కాదు. పదేళ్ళ తర్వాత శ్లాబు పెచ్చులూడి, తుప్పు పట్టిన రాడ్డు బయటపడితే తప్ప!

నీళ్ళ మధ్య నేల
అటు గౌతమి, ఇటు వసిష్ఠ, మధ్యలో వైనతేయ, కింద బంగాళాఖాతం. నలువైపులా నీళ్ళున్న ఈ నేల 2022 ఏప్రిల్ 4న తూర్పు గోదావరి నుంచి విడివడి ప్రత్యేక జిల్లా అయింది. ఒకప్పుడు ఇక్కడ ఇల్లంటే మండువా లోగిలి, లేదా పెంకుటిల్లు. లేనివారికి తాటాకిల్లు. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపాను ఆ లెక్క మార్చేసింది. వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసి, కొబ్బరితోటలను నేలమట్టం చేసిన ఆ రాత్రిని చూసినవారికి శ్లాబు ఇల్లంటే హోదా కాదు, తలదాచుకునే చోటు.

ఆ ఇంటికి డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది? చాలామందికి గల్ఫ్ నుంచే. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, అమలాపురం... ఏ వైపు వెళ్ళినా కువైట్‌లోనో, దుబాయ్‌లోనో, మస్కట్‌లోనో మనిషి ఉన్న ఇల్లు కనిపిస్తుంది. అక్కడ డ్రైవర్‌గానో, ఇంటిపని మనిషిగానో ఏళ్ళ తరబడి కూడబెట్టినదంతా ఇక్కడ ఒక్క ఇల్లవుతుంది. తేడా వస్తే మళ్ళీ కట్టుకునే వయసూ ఉండదు, ఓపికా ఉండదు. ‘ఇల్లు కట్టి చూడు’ అన్న సామెత ఎవరికోసం పుట్టిందోగానీ, పరాయి దేశంలో ఉండి ఊళ్ళో ఇల్లు కట్టించేవారికి మాత్రం రెండింతలు వర్తిస్తుంది.

మరి కట్టేదెవరు? పేరున్న నిర్మాణ సంస్థలు ఇలాంటి పనులకి రావు. ఓ కాంట్రాక్టరు, ఆయన కింద ఇద్దరు ముగ్గురు మేస్త్రులు, రోజుకి పది పదిహేనుమంది కూలీలు, ఓ మిల్లరు, కాసిన్ని సెంట్రింగ్ సామాన్లు. ఆఫీసంటే ఇంటి వరండా. ఏడాదికి నాలుగైదు ఇళ్ళు, మధ్యలో పంచాయతీ డ్రైనో, బడి ప్రహరీగోడో. ఇదీ మన ‘చిన్న నిర్మాణ సంస్థ’!

జేబులో పుస్తకం
ఆ సంస్థ కార్యాలయం మొత్తం ఒకప్పుడు కాంట్రాక్టరు చొక్కా జేబులో ఉండేది. పొడుగాటి చిన్న పుస్తకం, దానికో పెన్ను. ఇవ్వాళ ఎంతమంది వచ్చారు, ఎన్ని బస్తాలు తెగాయి, ఎవరికి ఎంత అడ్వాన్సు... అన్నీ అందులోనే. వానకి తడిస్తే లెక్కా తడిసినట్టే.

యజమాని ఊళ్ళో ఉంటే సాయంత్రం పూట వచ్చి చూసుకునేవాడు. గల్ఫ్‌లో ఉంటే ఆ పని బావమరిదికో, బాబాయికో అప్పజెప్పేవాడు. వారానికోసారి ఎస్టీడీ బూత్ నుంచి ఫోను. “పని బాగానే అవుతోందిరా, ఇంకో లక్ష పంపు.” అంతే సమాచారం! నిజంగానే బాగా అవుతోందా? పంపిన లక్ష ఎటు పోయింది? అడిగితే చుట్టరికం చెడుతుంది, అడక్కపోతే డబ్బు చెడుతుంది.

కాంట్రాక్టరుకి మాత్రం కష్టాలు లేవా? అసలు ఒప్పందంలో లేని పనులే సగం ఉండేవి. “ఇక్కడో అలమర పెట్టండి”, “మెట్లు అటు తిప్పండి”, “వాస్తు ప్రకారం ఈ గుమ్మం జరపాలట...” అన్నీ నోటిమాటలే. చివరికి లెక్క చూసేటప్పుడు “నేనెప్పుడన్నాను?” అన్న ఒక్క ప్రశ్నతో ఆ డబ్బంతా గాల్లో కలిసిపోయేది. ఇంటి నిర్మాణంలో తగవులు సిమెంటు దగ్గర కాదు, జ్ఞాపకం దగ్గర మొదలవుతాయి. ఒకరికి గుర్తున్నది ఇంకొకరికి గుర్తుండదు. ఈ జబ్బుకి మందే ఫోను రూపంలో వచ్చింది.

మూడు దారుల్లో వచ్చింది
అయితే అది ఒక్కరోజులో రాలేదు. మూడు దారుల్లో వచ్చింది.

మొదటి దారి సర్కారు వారిది. 1998లో ఉమ్మడి రాష్ట్రంలోని రిజిస్ట్రేషన్ కార్యాలయాల్లో ‘కార్డ్’ పేరుతో కంప్యూటర్లు వచ్చాయి. స్థలం దస్తావేజు తెర మీద కనిపించడం అదే మొదలు. 2003లో ప్రభుత్వ పనులకి ఈ-ప్రొక్యూర్‌మెంట్ వచ్చింది. అంతకుముందు టెండరు వేయాలంటే కాగితం తీసుకెళ్ళి పెట్టెలో వేయాలి. కొన్నిచోట్ల పోటీదారుణ్ణి ఆ పెట్టె దాకా రానిచ్చేవారే కాదు! ఇంటర్నెట్‌లో వేసే టెండరుకి అలా అడ్డం నిలబడటం కుదరదు. చిన్న కాంట్రాక్టర్లు డిజిటల్ సంతకమనే కొత్త మాట నేర్చుకుని కంప్యూటర్ సెంటర్ల మెట్లెక్కారు. తర్వాత పట్టణాల్లో ఇంటి ప్లాను అనుమతులు కూడా ఏపీడీపీఎంఎస్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలోకి మారాయి. ప్లానును కంప్యూటర్‌లో గీసి పంపాలి. చుట్టూ ఎంత ఖాళీ వదిలారో, ఎత్తు ఎంతో సాఫ్ట్‌వేరే కొలిచి చెబుతుంది. 2025లో 18 మీటర్ల ఎత్తు లోపు భవనాలకి స్వీయ ధ్రువీకరణ పద్ధతి కూడా వచ్చింది. ఎల్‌టీపీలుగా పిలిచే లైసెన్సు పొందిన సాంకేతిక నిపుణులు, యజమాని కలిసి ‘నిబంధనల ప్రకారమే కడుతున్నాం’ అని పూచీ పడాలి.

రెండో దారి పన్నుది. 2017 జులై 1న జీఎస్టీ వచ్చింది. సేవలందించేవారి వ్యాపారం ఏడాదికి 20 లక్షలు దాటితే నమోదు తప్పదు. మెటీరియల్‌తో సహా కట్టించే కాంట్రాక్టరుకి ఆ గీత దాటడానికి రెండిళ్ళు చాలు! సిమెంటు, ఇనుము కొన్న బిల్లులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాల్సిందే. మొన్న 2025 సెప్టెంబరు 22న సిమెంటు మీద పన్ను 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పాత ధరకి ఒప్పుకున్న ఇంటికి కొత్త పన్నుతో వచ్చిన సిమెంటు ఎన్ని బస్తాలు? ఆ తేడా ఎవరిది? బిల్లులు తేదీల వారీగా ఉన్నవాళ్ళు నిమిషంలో తేల్చగలరు. జేబు పుస్తకం వాళ్ళకి మాత్రం అది పెద్ద పంచాయితీయే.

మూడో దారి యజమానిది. నిజానికి అసలు మార్పు తెచ్చింది ఇదే. ఒక్క 2016 సంవత్సరాన్ని గుర్తు చేసుకోండి. ఏప్రిల్‌లో యూపీఐ మొదలైంది. సెప్టెంబరులో జియో వచ్చి ఇంటర్నెట్‌ని చవక చేసింది. నవంబరులో పెద్దనోట్లు రద్దయ్యాయి. అదే నెలలో వాట్సాప్‌లో వీడియో కాల్ వచ్చింది! కువైట్‌లో ఉన్నవారికి ఇంటి పునాది తెరమీద కనిపించింది. దుబాయ్‌లో ఉన్నవారు అక్కడ అనుమతి ఉన్న బోటిమ్ లాంటి యాప్‌లు పట్టుకున్నారు. ‘చూపించండి’ అన్న ఒక్క మాటతో వరండా ఆఫీసు డిజిటల్ ఆఫీసు అయిపోయింది.

పెద్ద సాఫ్ట్‌వేర్లు కాదు...
ప్రపంచమంతటా నిర్మాణరంగం సాంకేతికతలో వెనకబడే ఉంది. మెకిన్సీ సంస్థ 2017లో ఇచ్చిన నివేదిక ప్రకారం అంతకు ముందు ఇరవయ్యేళ్ళలో ప్రపంచ ఆర్థిక వ్యవస్థ మొత్తం మీద కార్మిక ఉత్పాదకత ఏడాదికి సగటున 2.8 శాతం పెరిగితే, నిర్మాణరంగంలో పెరిగింది ఒక్క శాతమే. దీనికి మందుగా పెద్ద కంపెనీలు ‘బిమ్’ అనే పద్ధతిని వాడుతున్నాయి. ఇటుక పేర్చకముందే భవనాన్ని మొత్తంగా కంప్యూటర్‌లో కట్టేసి, ఏ పైపు ఏ దూలానికి అడ్డం వస్తుందో ముందే చూసుకోవడం అన్నమాట. బ్రిటన్‌లో 2016 ఏప్రిల్ నుంచి కేంద్ర ప్రభుత్వ పనులకి ఇది తప్పనిసరి.

రెండు పడకగదుల ఇంటికి అంత హంగామా అవసరమా? అక్కర్లేదు. అందుకే మన కాంట్రాక్టర్లు తమకి పనికొచ్చేవే ఏరుకున్నారు. ప్లాను, ఎలివేషన్ గీయడానికి ఆటోక్యాడ్ తెలిసిన కుర్రాడు కావాలి. ఓడలరేవు, భీమవరం, కాకినాడ ఇంజినీరింగ్ కాలేజీల పుణ్యమా అని అలాంటివారికి కొదవ లేదు. కొందరి ఇళ్ళలోనైతే కొడుకో, కూతురో సివిల్ ఇంజినీరే. లెక్కలకి ట్యాలీ, లేదంటే ఎక్సెల్. డబ్బుకి యూపీఐ. మిగతా అన్నింటికీ వాట్సాప్. ఇంటికో గ్రూపు: యజమాని, ఆయన భార్య, కాంట్రాక్టరు, మేస్త్రి, కరెంటు పనివారు, ప్లంబరు.

ఇందులో మేస్త్రులకి బాగా నచ్చినది వాయిస్ మెసేజ్. చదవడం, రాయడం పెద్దగా రాని పెద్ద మేస్త్రి కూడా బొటనవేలు నొక్కిపట్టి చెప్పాల్సింది చెప్పేస్తాడు. “అమ్మగారూ, వంటింటి గట్టు ఎత్తు రెండడుగుల తొమ్మిదంగుళాలు పెడుతున్నావండి, సరేనంటే రేపు మొదలెట్టేస్తాం.” అవతల నుంచి ‘సరే’ వస్తే అది మాట మాత్రమే కాదు, తేదీతో, సమయంతో సహా నిలిచిపోయే రుజువు. జేబు పుస్తకం ఇన్నాళ్ళూ చేయలేకపోయిన పని ఇదే.

లెక్క అబద్ధం చెప్పదు
ఫోన్‌లోని కాలిక్యులేటర్ ఒక్కటి చాలు, ఎన్నో అనుమానాలు తీర్చడానికి. ఉదాహరణకి వెయ్యి చదరపు అడుగుల శ్లాబు, మందం అయిదంగుళాలు అనుకుందాం. అంటే దాదాపు 417 ఘనపుటడుగులు. మీటర్లలో 11.8 ఘనపు మీటర్లు. ఇళ్ళకి వాడే 1:1½:3 పాళ్ళ కాంక్రీటుకి ఘనపు మీటరుకి సుమారు ఎనిమిది బస్తాల సిమెంటు పడుతుంది. అంటే శ్లాబు వరకే దాదాపు 95 బస్తాలు. దూలాలు అదనం. అరవై బస్తాలతో పని ముగిసిందంటే సిమెంటు తగ్గించినట్టు. నూట యాభై అయ్యాయంటే దూలాల లెక్క అడగాల్సిందే.

ఇనుముకీ ఓ చిట్కా ఉంది. రాడ్డు మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని దాన్ని దానితోనే హెచ్చించి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. 12 ఎంఎం రాడ్డయితే 144ని 162తో భాగించాలి. 0.89 కిలోలు. పన్నెండు మీటర్ల రాడ్డు పదకొండు కిలోలకి కాస్త తక్కువ. వేబ్రిడ్జి చీటీ ఫొటో, దిగిన రాడ్ల ఫొటో రెండూ గ్రూపులో ఉంటే కొట్టువాడికీ, కాంట్రాక్టరుకీ, యజమానికీ ముగ్గురికీ ఒకటే లెక్క.

ఈ పద్ధతి మనకి కొత్తదేం కాదు. ప్రభుత్వ గృహనిర్మాణ పథకాల్లో పునాదికోసారి, శ్లాబుకోసారి ఆ స్థలంలోనే నిలబడి ఫొటో తీసి జియో ట్యాగింగ్ చేస్తేనే తర్వాతి బిల్లు వస్తుంది. పేదవాడి ఇంటికి సర్కారు పాటించే ఆ క్రమశిక్షణనే సొంత డబ్బుతో కట్టుకునేవారూ పాటించవచ్చు. దశ పూర్తయింది, ఫొటో వచ్చింది, డబ్బు వెళ్ళింది. ముందు కాదు, మరీ వెనకా కాదు.

ఫోనుకి కనపడనివి
ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఫొటో ఎంత బాగున్నా అందులో పడేది పైపైన కనిపించేదే. కోనసీమలో ఇంటి ఆయుష్షుని తేల్చేవి మాత్రం కంటికి కనపడనివే.

నీళ్ళ సంగతే తీసుకోండి. సముద్రానికి దగ్గరున్న ఊళ్ళలో చాలాచోట్ల బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. రాడ్లున్న కాంక్రీటులో కలిపే నీళ్ళలో క్లోరైడ్ లీటరుకి 500 మిల్లీగ్రాములు మించకూడదని మన భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతోంది. వీడియో కాల్‌లో ఉప్పునీళ్ళూ మంచినీళ్ళూ ఒకేలా ఉంటాయి! సీసాలో పట్టి పరీక్షకి పంపడమే మార్గం.

రాడ్డు మీద కప్పు మరో సంగతి. నేరుగా సముద్రపు గాలి తగిలే కాంక్రీటులో రాడ్డుకి కనీసం 45 మిల్లీమీటర్ల కాంక్రీటు కప్పు ఉండాలని అదే ప్రమాణం. అంగుళం చాలదన్నమాట. మొదట్లో మన మేస్త్రి మరిచిపోయిన ఆ బిళ్ళల పని ఇదే. కాంక్రీటు పోశాక ఏ కెమెరా దాన్ని చూపించలేదు.

ఇక తడపడం. మామూలు సిమెంటుకి కనీసం ఏడు రోజులు, బూడిద కలిసిన పీపీసీ సిమెంటుకి కనీసం పది రోజులు తడి ఆరకూడదు. శ్లాబు మీద మడులు కట్టి నీళ్ళు నింపిన ఫొటో మొదటిరోజు అందరూ పంపుతారు. అయిదోరోజు ఫొటో ఏదీ? అడగాల్సింది దాన్ని.

అన్నిటికన్నా ముఖ్యమైనది మెరక. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులకి చేరింది. 2022 జులైలో 25 లక్షలు దాటింది. లంకల్లో ఇళ్ళు మునిగాయి. మీ స్థలంలో నీళ్ళు ఎంతవరకు వచ్చాయో చెప్పగలిగేది ఏ యాప్ కాదు, పక్కింటి తాతగారు. ఆయన గోడమీద చూపించిన ఆ గుర్తుని టేపు పెట్టి ఫొటో తీసి, ఇంటి నేలమట్టం దానికన్నా పైన ఉండేలా చూసుకునే కాంట్రాక్టరే అసలైన ‘టెక్నాలజీ’ తెలిసినవాడు. పాత జ్ఞాపకాన్ని కొత్త ఫోన్‌లోకి ఎక్కించడమంటే ఇదే కదా.

సిగ్నల్ పోయిన రోజు
అన్నీ ఫోన్‌లోనే పెట్టుకుంటే ఏమవుతుందో కోనసీమకి అనుభవమే. 2022 మే 24న జిల్లా పేరు మార్పు విషయమై అమలాపురంలో అల్లర్లు జరిగాయి. ఆ తర్వాత ఇంటర్నెట్ ఆపేశారు. దాదాపు రెండు వారాలు! ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు సిగ్నల్ అందేచోటు వెతుక్కుంటూ వెళ్ళారు. ఫోన్‌తో చెల్లింపుల్లేవు, వాట్సాప్ లేదు. రోజుకూలితో ఇల్లు గడిచేవారికి డబ్బు ఫోన్‌లో ఇరుక్కుపోవడమంటే ఏమిటో అలాంటప్పుడు తెలుస్తుంది. కూలి డబ్బుకి కాస్త నగదు, లెక్కకో కాగితం పుస్తకం ఇంకా ఎందుకుండాలో ఆ రెండు వారాలు నేర్పాయి.

అంతకుముందు 2019లో మరో పాఠం. ఆ సెప్టెంబరులో ఇసుకని ఆన్‌లైన్‌లో బుక్ చేసుకునే విధానం వచ్చింది. కానీ వరుస వరదలతో నదుల్లో ఇసుక తీసే వీలే లేకపోయింది. తెర మీద మీట నొక్కినంత మాత్రాన ఏట్లో నీళ్ళు తీయవు కదా! రాష్ట్రమంతటా పనులు ఆగి భవన నిర్మాణ కార్మికులు నెలల తరబడి ఇబ్బంది పడ్డారు. 2024 జులైలో ఉచిత ఇసుక విధానం వచ్చింది. విధానాలు మారినా గోదావరి ఒడ్డున ఉన్నవారికి ఓ మాట మాత్రం మారలేదు: ఇసుక ముందు ఏట్లో దొరకాలి, తర్వాతే ఫోన్‌లో.

కూలి చేతికి ఏం వచ్చింది?
యజమానికి నిశ్చింత, కాంట్రాక్టరుకి రుజువు. మరి ఎండలో తట్ట మోసేవారికి? ఇక్కడే ఓ మంచి అవకాశం ఉంది. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో పేరు నమోదు కావాలంటే గడిచిన ఏడాదిలో 90 రోజులు ఈ పనిలో ఉన్నట్టు చూపించాలి. ఇవాళ ఈ ఊళ్ళో, రేపు ఆ ఊళ్ళో పనిచేసే కూలి ఆ 90 రోజుల్ని ఎక్కణ్ణుంచి తెస్తుంది? కాంట్రాక్టరు ఫోన్‌లో హాజరు పట్టీ ఉంటే, దాన్ని నెలకోసారి కాగితం మీద తీసి ఇస్తే, ఆమె కుటుంబానికి అదో ఆధారం. ఖర్చు? పైసా లేదు.

డబ్బు విషయంలో మాత్రం జాగ్రత్త. సొంత ఫోను లేని మహిళ కూలి ఇంకొకరి ఖాతాలో పడితే అది ఆమె చేతికి వచ్చినట్టు కాదు. ఆమె అడిగిన రూపంలోనే ఇవ్వడం న్యాయం.

తగవొస్తే...
500 చదరపు మీటర్లకి మించిన స్థలంలో లేదా ఎనిమిదికి మించిన ఫ్లాట్లతో కట్టి అమ్మే ప్రాజెక్టులకి రెరా చట్టం అండ ఉంది. నిర్మాణ లోపాలు బయటపడితే అయిదేళ్ళ వరకు బిల్డరుదే బాధ్యత. కానీ మన స్థలంలో మనం కట్టించుకునే ఒంటి ఇంటికి ఆ చట్టం రాదు. వినియోగదారుల చట్టం కింద ఫిర్యాదు చేయవచ్చు. అయితే అక్కడ అడిగే మొదటి ప్రశ్న... ‘ఆధారం ఏది?’ అని. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం ప్రకారం ఫోన్‌లోని సంభాషణలు, ఫొటోలు నిర్ణీత ధ్రువపత్రంతో సాక్ష్యంగా చెల్లుతాయి. కాబట్టి ఫోను మార్చేటప్పుడు ఆ గ్రూపుని చెరిపేయకండి!

అలాగని ఫోను చేతిలో ఉంది కదా అని రాత్రి పదకొండింటికి “ఆ గోడ వంకరగా ఉందేంటి?” అని కాంట్రాక్టరుని నిద్రలేపడం తగదు. ప్రతి ఇటుకకీ సంజాయిషీ అడిగితే మంచి మేస్త్రి తాపీ కింద పెట్టి వెళ్ళిపోతాడు. రోజులో ఓ సమయం అనుకుని అప్పుడే మాట్లాడుకుంటే ఇద్దరికీ మర్యాద. గోడ నిలువు చూసేది ఇప్పటికీ దారానికి వేలాడే గుండే. మనుషుల మధ్య నిలువు చూసేది నమ్మకమే.

మూతపడకముందే... ఏడు ఫొటోలు!
ఇల్లు కట్టించుకుంటున్నారా? కాంట్రాక్టరుతో ముందే మాట్లాడుకుని, పని కప్పడిపోకముందు ఈ ఫొటోలు తీయించండి. ప్రతిదాంట్లోనూ టేపు కనపడాలి.
1. పాత వరద గుర్తు, దాని పక్కన ఇంటి నేలమట్టం గీత.
2. పునాది గోతుల లోతు, అడుగున నేల రంగు.
3. పునాది, స్తంభాల రాడ్లు... కాంక్రీటు పోయకముందు.
4. శ్లాబు రాడ్లు, వాటికింద కవర్ బ్లాకులు.
5. సిమెంటు బస్తా మీది తయారీ వారం, సంవత్సరం. ఇనుము వేబ్రిడ్జి చీటీ.
6. తడిపిన శ్లాబు... మొదటి రోజు, అయిదో రోజు, పదో రోజు.
7. గోడల్లోని కరెంటు పైపులు, నీళ్ళ పైపులు... ప్లాస్టరింగ్ చేయకముందు, ప్రతి గోడకీ ఒకటి.

ఈ ఏడో ఫొటో విలువ వెంటనే తెలియదు. గృహప్రవేశమైపోతుంది. పాలు పొంగుతాయి. కువైట్ నుంచి వచ్చినవాళ్ళు నెల రోజులుండి మళ్ళీ వెళ్ళిపోతారు. ఏళ్ళు గడిచాక ఓ రోజు అమ్మ హాల్లో గోడకి కొడుకు పెళ్ళిఫొటో తగిలించాలనుకుంటుంది. డ్రిల్లింగ్ మిషన్ పట్టుకున్న కుర్రాడు అడుగుతాడు... “ఇక్కడ గోడలో వైరుందా పిన్నిగారూ?” అని.

ఆమె ఫోను తీసి ఓ పాత ఫొటో చూపిస్తుంది. సిమెంటు పూత లేని ఎర్రటి గోడ, దాని మీద పాకిన పైపు, పక్కన టేపు పట్టుకుని నిలబడ్డ మేస్త్రి.

“లేదు నాయనా, అడుగు అవతలుంది. ఇక్కడ కొట్టు.”

మంచి కాంట్రాక్టరు తాళంచెవులతో పాటు ఇచ్చి వెళ్ళాల్సింది అదే మరి!